చిన్ననాటి ఇంటిని ఫొటోల్లో, పాత క్యాసెట్లలో వెతుక్కోవడం ఎలా?

మీ చిన్నప్పటి ఇంటి ఫొటోలున్న పెట్టె ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. అటక మీదో, బీరువా అడుగునో, అక్క దగ్గరో. అందులోనే రెండు మూడు క్యాసెట్లు కూడా ఉండొచ్చు. ఈ ఆదివారం దాన్ని దించుదామని మీరు అనుకుంటుంటే నాదొక మనవి: ఇప్పుడే దించకండి. ముందు ఒక తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

ఎందుకంటే నాకు జరిగింది చెప్తాను. మా చిన్నప్పటి ఇంట్లో మెట్లు ముందుగదికి ఎడమ పక్కన ఉండేవని నాకు బాగా గుర్తు. కళ్లు మూసుకుంటే కనిపించేవి. అక్క మాత్రం కుడి పక్కన అనేది. పోనీ అని ఆల్బమ్ తీసి చూస్తే ఎడమవైపే ఉన్నాయి. నేనే గెలిచాననుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత అదే ఫొటోను పెద్దది చేసి చూస్తుంటే నాన్న చొక్కా జేబు కుడి ఛాతీ మీద కనిపించింది. వెనక గోడ మీద గడియారంలో 3 ఉండాల్సిన చోట 9 ఉంది. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారన్నమాట. మెట్లు కుడి పక్కనే ఉండేవి. అక్కకు గుర్తున్నది ఇల్లు, నాకు గుర్తున్నది ఫొటో. అన్నేళ్లూ ఆ తేడా నాకు తెలియలేదు.

అందుకే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది వరస. ముందు గుర్తున్నది రాయాలి, తర్వాత వినాలి, ఆ తర్వాత చూడాలి. ఒకసారి ఫొటో చూశాక, అంతకుముందు మనసులో ఏముందో తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

1. పెట్టె తెరవకముందు ఇల్లు గీయండి

బొమ్మ బాగా రావాల్సిన పని లేదు. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి గదులు డబ్బాల్లా గీసుకుంటూ వెళ్లండి. తలుపు ఎటు తెరుచుకునేది, కిటికీ ఎక్కడ, మంచం తల ఏ వైపు, లైటు స్విచ్ ఎక్కడ. గీస్తుంటే చెయ్యి ఒకచోట ఆగిపోతుంది. ఆ గదికి పక్కన ఏముందో గుర్తు రాదు. అక్కడ ఖాళీ వదిలేయండి, ఊహించి నింపకండి. ఆ ఖాళీలే తర్వాత మీకు పనికొస్తాయి.

తర్వాత ఒంటిని అడగండి. కళ్లకన్నా ఒంటికి ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం. స్విచ్ అందుకోవడానికి మునివేళ్ల మీద నిలబడేవారా? రాత్రి దాహమేస్తే చీకట్లో ఎటు నుంచి ఎటు నడిచేవారు, చెయ్యి ఏ గోడను తడుముకునేది? ఏ తలుపు గట్టిగా తోస్తేగాని పడేది కాదు? ఏ మూల అంటే భయం? ఎవరైనా ఇంటికి వస్తున్నారని ఏ చప్పుడుతో తెలిసేది?

రాసిన ప్రతి దాని పక్కన ఒక గుర్తు పెట్టండి. సొంతంగా గుర్తున్నదైతే "గు", ఎవరో చెప్పగా విన్నదైతే "వి", ఫొటోలో చూశానేమో అనిపిస్తే "ఫొ". తేల్చుకోలేకపోతే మూడూ పెట్టండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఎవరి బొమ్మ వాళ్లు విడిగా గీయాలి. ఒకే బల్ల దగ్గర కూర్చుంటే పెద్దవాళ్లు చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది.

ఈ జాగ్రత్త అనవసరం అనిపిస్తే ఒక ప్రయోగం గురించి చెప్తాను. 2002లో కింబర్లీ వేడ్, మేరియాన్ గ్యారీ, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 20 మంది పెద్దవాళ్లకు వాళ్ల చిన్నప్పటి ఫొటోలు చూపించారు. వాటిలో ఒకటి దొంగ ఫొటో. వాళ్లు ఎన్నడూ ఎక్కని వేడిగాలి బెలూన్‌లో ఎక్కినట్టు అతికించి తయారు చేసింది. మూడుసార్లు కూర్చోబెట్టి అడిగేసరికి సగం మంది ఆ బెలూన్ ప్రయాణం కొంతో, పూర్తిగానో గుర్తుందన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. ఫొటో ఇచ్చిన ఆధారం చుట్టూ మనసే కథ అల్లుకుంది.

ఇంకో రెండు సంగతులు దగ్గర పెట్టుకోండి. చాలామంది పెద్దవాళ్ల తొలి జ్ఞాపకం మూడు, మూడున్నరేళ్ల వయసు నాటిది. ఏడాది వయసులో జరిగింది స్పష్టంగా గుర్తుందంటే అది విన్నదో, ఫొటోలో చూసిందో అయ్యే అవకాశమే ఎక్కువ. రెండోది, జ్ఞాపకంలో మీరు మీకే బయటి నుంచి కనిపిస్తున్నారా, లేక మీ కళ్లతో చూస్తున్నారా? ఈ రెండు రకాల జ్ఞాపకాల గురించి నైగ్రో, నైసర్ అనే పరిశోధకులు 1983లోనే రాశారు. బయటి నుంచి కనిపిస్తే అది తప్పుడు జ్ఞాపకం అని కాదు. కానీ అలాంటి దాని పక్కన నేను "ఫొ" కూడా పెట్టుకుంటాను.

కాగితం కింద తేదీ వేసి, కవరులో పెట్టి అంటించేయండి. ఇక పెట్టె దించొచ్చు.

2. దించగానే ఏదీ విడదీయకండి

క్యాసెట్లు విన్నాక ఆల్బమ్ తెరిచినప్పుడు, ఒక్క ఫొటో కూడా తీయకముందు ప్రతి పేజీని ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ ఫొటో పక్కన ఏది అంటించారు, కింద ఎవరి చేతిరాత ఉంది, ఎక్కడ ఒక ఫొటో పీకేసిన మరక ఉంది, ఇవన్నీ సమాచారమే. ఆల్బమ్ సర్దినవాళ్లు కూడా తమ జ్ఞాపకాన్ని ఒక వరసలో పెట్టారు. విడదీశాక ఆ వరస మళ్లీ దొరకదు.

జిగురు పేజీ మీద ప్లాస్టిక్ పొర కప్పి ఉండే ఆల్బమ్‌లు ఫొటోలకు బాగా చేటు చేస్తాయి. అంటుకుపోయిన ఫొటోను గోళ్లతో లాగకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి ఫ్లాస్ దారాన్ని ఫొటో కిందుగా పోనిచ్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడి వస్తుంది. రాకపోతే వదిలేసి పేజీతో సహా స్కాన్ చేయండి. తొందరపడి చింపుకున్నవాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను.

3. ముందు క్యాసెట్లు

ఫొటోలు ఇంకొన్నాళ్లు ఆగుతాయి. టేపులు ఆగకపోవచ్చు. టేపు బాగున్నా దాన్ని నడిపే ప్లేయర్లు, బాగుచేసేవాళ్లు తగ్గిపోతున్నారు. పైగా మనసు మీద గొంతు పనిచేసినట్టు ఫొటో పనిచేయదు. ఫొటోకు ముందు వింటే, కళ్ల ముందు వచ్చే ఇల్లు ఇంకా మీదే.

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్‌లో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. 60 నిమిషాల టేపుకన్నా 90 నిమిషాలది పలచన, 120 నిమిషాలది ఇంకా పలచన. అందుకే పొడవాటి టేపుల దగ్గర మరింత నిదానంగా ఉండాలి.

ప్లే నొక్కే ముందు చేయాల్సినవి:

- క్యాసెట్ పై అంచులో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. అవి ఇంకా ఉంటే విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు.
- టేపు మీద తెల్లటి బూజు పొడి కనిపిస్తే అసలు నడపకండి. టేపు పాడవుతుంది, ప్లేయర్‌కూ అంటుకుంటుంది. ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి.
- ప్లేయర్ హెడ్‌ను, అంటే టేపు తగులుతూ నడిచే లోహపు ముక్కను, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, ఆరనివ్వండి.
- ముందు పనికిరాని క్యాసెట్ ఏదైనా వేసి, ప్లేయర్ టేపును నమలడం లేదని చూసుకోండి. ఇది మాత్రం మానొద్దు.
- చాలా ఏళ్లుగా కదలని టేపును ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పితే చుట్టలు సర్దుకుంటాయి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి. స్క్రూలున్న క్యాసెట్ అయితే టేపును కొత్త డొప్పలోకి మార్చొచ్చు.

రీలు టేపు అయితే ఇంకో సంగతి. 1970లు, 80లలో తయారైన కొన్ని టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే బంక తేమ పీల్చుకుని జిగటగా మారుతుంది. నడుస్తుంటే కీచుమంటుంది, హెడ్ మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. అలా అయితే వెంటనే ఆపేయండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే పాత టేపులు, సినిమా రీళ్లు కూడా ఇంట్లో ముట్టుకోవాల్సినవి కావు.

మొదటిసారి వినేటప్పుడే రికార్డు కూడా చేయండి. "ముందు ఊరికే విందాం, తర్వాత ఎక్కిద్దాం" అనుకోకండి. ఆ ఒక్కసారే నడిచి తెగిపోయే టేపులుంటాయి. ప్లేయర్ వెనక శబ్దం బయటికిచ్చే రంధ్రం (లైన్ అవుట్) నుంచి, శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పరికరం (ఆడియో ఇంటర్‌ఫేస్) ద్వారా కలిపి, కుదించని వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసుకోండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఎఎస్ఎ కూడా కనీసం ఇంత ఉండాలని చెప్తుంది. స్టీరియోలో గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. ఎంపీ3 కావాలంటే తర్వాత దీన్నుంచే చేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి మాత్రం అసలు తిరిగి రాదు. గొంతు ఎంత గట్టిగా వచ్చినా మీటర్ ఎరుపులోకి పోకుండా, పైన 6 నుంచి 12 డెసిబెల్స్ ఖాళీ ఉండేలా పెట్టుకోండి.

ఇక అసలు మాట. అసలు ఫైలు మీద నాయిస్ తగ్గించే ఫిల్టర్లు వేయకండి. అమ్మమ్మ కథ చెప్తున్న క్యాసెట్ ఒకటి నేను బయట ఇచ్చి ఎక్కించుకున్నాను. వాళ్లు ఎంతో శ్రద్ధగా వెనక చప్పుళ్లన్నీ తుడిచేసి, గొంతు ఒక్కటే మిగిల్చి ఇచ్చారు. వింటే అమ్మమ్మ ఎక్కడా లేనిచోట కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించింది. క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉండటంతో, మళ్లీ నేనే ఎక్కించాను. ఈసారి గడియారం వినిపించింది. కథ మధ్యలో ఎవరో గడియ తీశారు. తర్వాత మెట్లెక్కుతున్న అడుగులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లెక్కపెట్టాను: ఏడు, కాస్త ఆగి, ఇంకో నాలుగు. అంటే ఏడో మెట్టు తర్వాత మలుపు ఉండేది. ఆ మలుపు ఏ ఫొటోలోనూ లేదు, నా బొమ్మలోనూ లేదు. కూల్చేసిన ఇంట్లో మెట్లు పదకొండని నాకు చెప్పింది ఆ క్యాసెట్టే.

కాబట్టి రెండుసార్లు వినండి. మొదటిసారి మాటల కోసం, రెండోసారి మాటల వెనక ఉన్న వాటి కోసం. నిమిషం, సెకను వేసుకుంటూ రాయండి: 04:12 తలుపు, 04:15 అడుగులు, 06:40 ఎవరో దగ్గు. గొంతు గోడలకు తగిలి మోగుతుంటే గది పెద్దది, లేదా సామాను తక్కువ. పొడిగా, దగ్గరగా ఉంటే పరుపులు, బట్టలు ఉన్న గది కావచ్చు.

గొంతు మరీ సన్నగానో, బరువుగానో అనిపిస్తే టేపు వేగం తేడా ఉందేమో చూడండి. దానికి మంచి ఉపాయం ఉంది. కరెంటుతో నడిచిన రికార్డర్‌లో ఆ కరెంటు ఝుమ్మనే శబ్దం కూడా ఒక్కోసారి టేపులోకి ఎక్కుతుంది. అది చాలా దేశాల్లో 50 హెర్ట్జ్, అమెరికా లాంటి చోట్ల 60. ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఏ శబ్దం ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఉందో చూపించే గ్రాఫ్ (స్పెక్ట్రమ్) తెరిస్తే, అది 50కి బదులు 53 దగ్గర కనిపిస్తే టేపు 6 శాతం వేగంగా నడుస్తోందని అర్థం. సంగీతం తెలిసినవాళ్ల లెక్కలో గొంతు అర స్వరం పెరిగిపోయినట్టు. కాపీలో ఆ మేరకు తగ్గిస్తే గొంతు అసలు బరువుకు వస్తుంది. మీ ప్లేయర్ ఝుంకారం కూడా అక్కడే ఉండొచ్చు, అది సరిగ్గా 50 దగ్గరే కదలకుండా ఉంటుంది. టేపులోనిదే పక్కకు జరిగి కనిపిస్తుంది.

ఒక మాట మనసు గురించి. పోయినవాళ్ల గొంతు చాలా ఏళ్ల తర్వాత వినబోతున్నారు. ఒంటరిగా, అర్ధరాత్రి, హడావిడిలో వినకండి. దగ్గరివాళ్లు ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి. ఏడుపు వస్తే రానివ్వండి, రికార్డింగ్ మాత్రం ఆపకండి.

4. స్కాన్ చేయడం

ఇది ఓపికతో అయిపోయే పని. ప్రింట్లను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, గోడమీది గడియారంలో టైము చదవడానికి సరిపోతుంది. గోరంత చిన్న ఫొటోలైతే 1200 పెట్టండి. నెగెటివ్ ఉంటే ప్రింటుకన్నా అదే మేలు. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌లో ఫ్రేమ్ 36×24 మిల్లీమీటర్లు, 3200 డీపీఐలో దాదాపు 4500×3000 పిక్సెళ్లు వస్తుంది. చాలా ప్రింట్లలో అంచులు కొంత కోసేసి ఉంటాయి. నెగెటివ్‌లో ఆ కోసేసిన అంచున ఒక తలుపు సగమో, ఎవరి భుజమో దొరుకుతుంది. మా మెట్ల గొడవ చివరికి తీరింది కూడా నెగెటివ్ దగ్గరే. ఫిల్మ్ అంచు మీద అక్షరాలు, అంకెలు సరిగ్గా చదవడానికి వీలుగా పెడితే అదే సరైన వైపు.

మొదటి కాపీ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి, చూసుకోవడానికి చిన్న జేపెగ్ ఫైలు చేసుకోండి. వెనక రాత ఉంటే వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్కానర్ లేకపోతే ఫోన్ చాలు: కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి.

కలర్ ప్రింట్లు చీకట్లో దాచినా వెలిసిపోతాయి. 1970ల నాటివి ఎర్రబడటానికి కారణం సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే) రంగు ముందుగా వెలిసిపోవడమే. కాపీలో రంగు సరిచేసుకోవచ్చు. నలుపు తెలుపు ఫొటోలకు ఆటోమేటిక్‌గా రంగులద్దే, ముఖాలు స్పష్టం చేసే యాప్‌ల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆ తలుపు ఏ రంగో యాప్‌కు తెలియదు, ఊహిస్తుంది. మసక ముఖంలో లేని కనురెప్పలు గీస్తుంది. నాలుగుసార్లు చూశాక మీ జ్ఞాపకంలోని తలుపు కూడా ఆ రంగులోకి మారుతుంది. బెలూన్ సంగతి గుర్తుంది కదా.

5. ఒక్క ఫొటో దగ్గర అరగంట కూర్చోండి

వంద ఫొటోలు గబగబా తిరగేయడం కన్నా ఒక ఫొటోను నిదానంగా చదవడం మేలు. మనుషుల ముఖాల మీద ఒక కాగితం ముక్క పెట్టి దాచేయండి. ముఖం కనిపిస్తుంటే కన్ను అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు మిగిలిన చోటంతా చూడండి, ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి.

నీడలు ఎటు పడ్డాయి? కిటికీ ఏ దిక్కున ఉండేదో తెలిస్తే, పొద్దునో సాయంత్రమో తెలుస్తుంది. గోడ మీద ఏ ఎత్తు దాకా మరకలున్నాయి? పిల్లల చేతులు తగిలే ఎత్తు అది. క్యాలెండరులో నెల చదవగలరా? గుమ్మం పక్కన ఎన్ని జతల చెప్పులున్నాయి? ఫొటోలో ముగ్గురే ఉండి, చెప్పులు ఐదు జతలుంటే మిగతా ఇద్దరెవరు? ఒకరు కెమెరా వెనక ఉన్నారు. ఆ వ్యక్తి ఎత్తెంత, ఎక్కడ నిలబడ్డారు, అందరూ ఆ వైపు చూసి ఎందుకు అలా నవ్వుతున్నారు? మా ఆల్బమ్‌లో అమ్మ దాదాపు ఎక్కడా ఉండదు. కెమెరా ఎప్పుడూ అమ్మ చేతిలోనే ఉండేదని ఆ లెక్క వేశాకే నాకు తట్టింది. ఆ ఫొటోలన్నీ అమ్మ కళ్లతో చూసిన మేమే.

తర్వాత కవరు తెరిచి మీ పాత బొమ్మను పక్కన పెట్టండి. ఎక్కడ కలిసింది, ఎక్కడ తేడా వచ్చింది, వేరే రంగు పెన్నుతో రాయండి. పాతది చెరపొద్దు. తేడా వచ్చిన చోట వెంటనే ఫొటోదే నిజమని తీర్పు చెప్పకండి. తిరగేసి ప్రింటు వేశారేమో, బొత్తాలు, జేబులు, గడియారం, గోడమీది అక్షరాలు చూడండి. లెన్సు గదిని పెద్దది చేసి చూపించిందేమో చూడండి. సామాను మార్చాక తీసిన ఫొటోనేమో కూడా.

6. పెద్దవాళ్లతో కూర్చోండి

అమ్మనో, పెద్దమ్మనో, బాబాయినో అడిగేటప్పుడు ఫొటో వెంటనే చేతికివ్వకండి. ముందు మాటలతోనే ఇంట్లోకి తీసుకెళ్లమనండి: "గుమ్మం దాటాక నన్ను లోపలికి తీసుకెళ్లు, ఏమేం వస్తాయి?" వాళ్లు చేతులతో చూపిస్తారు. వీడియో తీయగలిగితే ఆ చేతుల్ని కూడా తీయండి. తర్వాత ఒకసారి టేపు వినిపించండి, చివరిగా ఫొటో. ముందుగా అనుమతి అడిగి ఫోన్ రికార్డింగ్ పెట్టండి, బల్ల మీద కాకుండా మెత్తటి గుడ్డ మీద, వాళ్లకు దగ్గరగా.

"ఇది పెద్దనాన్న గదే కదా?" అని అడిగితే అవును అనేస్తారు. "ఇది ఏ గది?" అనండి. మాట ఆగితే మీరు అందించకండి. పది సెకన్లు ఊరుకుంటే మంచి మాట ఆ తర్వాతే వస్తుంది. ఇద్దరి మాట రెండు రకాలుగా ఉంటే రెండూ రాసుకోండి, ఎవరి మాట ఏదో పేరుతో సహా. గంట దాటితే అలసిపోతారు. చెప్పనన్న విషయం దగ్గర ఆగిపోండి. ప్రతి ఇంట్లోనూ తలుపు వేసి ఉన్న గది ఒకటి ఉంటుంది, దాన్ని తెరవాలో వద్దో వాళ్లిష్టం.

7. ఇల్లు ఇంకా ఉంటే

ఉంటున్నవాళ్లను ముందుగా అడిగి, ఒప్పుకుంటేనే వెళ్లండి. వాళ్ల మనుషులు, సామాను ఫొటోల్లో పడకుండా చూసుకోవాలి.

వెళ్లగానే కెమెరా తీయకండి. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువులను ఊరికే చూసినవాళ్లకన్నా ఫొటో తీసినవాళ్లకు వాటి గురించి తక్కువ గుర్తుంది. కానీ వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. అందుకని మొదటి పావుగంట చేతులు ఖాళీగా ఉంచుకుని తిరగండి. తర్వాత గది మొత్తం ఒకటి తీసినా, తలుపు గడియ, స్విచ్, కిటికీ ఊచ, మెట్టు అరిగిన అంచు, వీటిని దగ్గరగా తీయండి.

ఒక ఫొటో తప్పకుండా మోకాళ్ల మీద కూర్చుని తీయండి. ఐదేళ్ల పిల్లల కళ్లు నేల నుంచి దాదాపు 1 మీటరు ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే కిటికీలోంచి వీధి కనిపించదు, ఆకాశమే కనిపిస్తుంది. బల్ల అడుగు కనిపిస్తుంది. ఇల్లు చిన్నదైపోయిందని బాధపడేవాళ్లు చాలామంది ఒక్కసారి ఇలా కూర్చుంటే, వాళ్లకు గుర్తున్న ఇల్లే తిరిగి వస్తుంది.

పాత ఫొటో తీసిన చోటి నుంచే మళ్లీ తీయాలంటే పద్ధతి ఉంది. అమెరికాలో 1977 నుంచి 79 వరకు మార్క్ క్లెట్, ఆయన బృందం 19వ శతాబ్దపు సర్వే ఫొటోలను సరిగ్గా అవే చోట్ల నుంచి మళ్లీ తీశారు. మీకు కావాల్సిన సూత్రం ఇంతే: పాత ఫొటోలో దగ్గర వస్తువు ఒకటి, దూరపు వస్తువు ఒకటి ఎంచుకోండి. గుమ్మం అంచు వెనక కిటికీ ఎంత దాగి ఉందో చూడండి. మీరు పక్కకు జరిగితే ఆ దాగుడు మారుతుంది. ముందు పక్కకు, తర్వాత పైకీ కిందికీ, చివర ముందుకూ వెనక్కూ జరుగుతూ కలపండి. జూమ్‌తో కాదు, కాళ్లతో. అది కలిసిన క్షణంలో, ఆ రోజు కెమెరా పట్టుకున్నవాళ్ల పాదాలు ఉన్నచోటే మీ పాదాలు ఉంటాయి. నేను ఒకసారి బంధువుల ఇంట్లో అలా నిలబడి చాలాసేపు కదలలేకపోయాను.

వచ్చేముందు ప్రతి గదిలో ఒక నిమిషం మాట్లాడకుండా శబ్దం రికార్డు చేయండి. ఆ తర్వాత తలుపులు, గడియలు, కుళాయి.

ఇల్లు లేకపోతే మా ఇంటి దారే. బొమ్మలు, టేపు చప్పుళ్లు, ఫొటోలు, పెద్దల మాటలు కలిపి కొత్త పటం గీయండి. ఫొటోలో కొలత తెలిసిన వస్తువు ఏదైనా ఉంటే, కెమెరాకు అంతే దూరంలో ఉన్న తలుపు ఎత్తు లెక్కకట్టొచ్చు. పటంలో ప్రతి గోడకూ ఆధారం రాయండి: "మెట్లు: క్యాసెట్, అమ్మమ్మ కథ, 04:15." ఏ ఆధారమూ లేని గోడను చుక్కల గీతతో వదిలేయండి.

8. దాచడం

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. హార్డ్ డిస్క్ ఒకటి, క్లౌడ్ ఒకటి, చెల్లెలి ఇంట్లో ఇంకో డిస్క్. ఏడాదికోసారి తెరిచి ఫైళ్లు నడుస్తున్నాయో లేదో చూడండి. సీడీలను నమ్ముకోకండి. ఫైలు పేరు ముందు ఏడాది, తర్వాత చోటు, తర్వాత మనుషులు. ఏడాది కచ్చితంగా తెలియకపోతే "1980లు" అని రాయండి, ఊహించి అంకె వేయకండి.

స్కాన్ అయింది కదా అని ఫొటోలు, క్యాసెట్లు, నెగెటివ్‌లు పారేయకండి. నా క్యాసెట్ నేను పారేసి ఉంటే ఆ మెట్లు నాకు ఎప్పటికీ దొరికేవి కావు. పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపైలిన్ లేదా ఆమ్లం లేని కాగితం కవర్లు వాడండి. చల్లగా, పొడిగా ఉండే గది బీరువా మంచిది. ఎండకు వేడెక్కే అటక మంచిది కాదు. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. ప్లాస్టిక్ పూత ఉన్న ఫొటో మీద పెన్సిల్ పడదు, కవరు మీద రాయండి.

9. ఇప్పుడున్న ఇంట్లో

మీ ఇంట్లో పిల్లలుంటే ఈ పని ఈ రాత్రే చేయొచ్చు. అందరి ముఖాలూ కెమెరా వైపు తిప్పించే ఫొటోలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. ఖాళీ గదులు తీయండి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తీయండి, స్విచ్ బోర్డు తీయండి. ఎప్పుడూ ఫొటోలు తీసేవాళ్ల చేతిలోంచి ఫోన్ తీసుకుని, వాళ్లను ఒకటి తీయండి.

తర్వాత ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, తేదీ, ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు చెప్పి, ఒక మూల పెట్టేయండి. ఎవరి పని వాళ్లు చేసుకోనివ్వండి. మెట్లుంటే ఎవరినైనా ఒకసారి మామూలుగా ఎక్కమనండి.